మూసిన పర్ర

రోవీనా ఫికెట్ నడుముకి తుపాకీ ఉండదు. రెండంగుళాల ఇనుప రింగు వేలాడుతూ ఉంటుంది. టెర్న్ హార్బర్ అనే ఆ సముద్రపు ఊరికి ఆమె గుల్లల కాపలాదారు. ఆటు వేళ నీళ్ళు వెనక్కి తగ్గి బురద పర్రలు బయటపడగానే లైసెన్సున్నవాళ్ళు పొట్టి ముళ్ళపారలు పట్టుకుని దిగుతారు, గుల్లలు తవ్వి అమ్ముకుంటారు. గుల్ల రింగులోంచి జారిపడిందంటే ఇంకా పిల్లది, వదిలెయ్యాలి. జారకుండా ఆగిందంటే బుట్టలో వేసుకోవచ్చు. పందొమ్మిదేళ్ళుగా రోవీనాకి న్యాయమంటే ఇంతే.

"సొంత తమ్ముడి మీదే కేసు రాసిన మనిషి" అని ఊళ్ళో ఆమెకు పేరు. కొందరు మెచ్చుకుంటూ అంటారు, కొందరు పళ్ళు నూరుతూ అంటారు. రెండింటికీ ఆమె ఒకేలా తలూపుతుంది గాని, లోలోపల కాస్త గర్వమే.

సెప్టెంబరులో ఓ సోమవారం పొద్దున ఏడు దాటగానే ఫోను మోగింది. దొంగతవ్వకాల మీద ఫిర్యాదు చెయ్యడానికి ఊరంతటికీ ఒకే నంబరు. అది మోగేది రోవీనా జేబులోనే.

"మీరు ఎర్ర బోర్డు పెట్టిన చోట ఎవరో పెద్దాయన తవ్వుతున్నారండీ," అంది అవతలి గొంతు. "నాకెవరిమీదా కోపం లేదు. ఆ గుల్లలు తిని ఎవరికైనా జబ్బు చేస్తుందేమోనని, అంతే."

అది మిసెస్ లోరింగ్ గొంతు. గూస్ కోవ్ ఒడ్డున పెద్ద తెల్ల ఇల్లు ఆవిడదే. జూన్‌లో వచ్చి అక్టోబరులో వెళ్ళిపోయే మనిషి. ఆ ఇంటి ముందున్న పర్రని జులైలో మూసేశారు. రాష్ట్రం వాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేస్తే మురుగు తేలింది. ఎక్కణ్ణుంచి వస్తోందో మాత్రం తేలలేదు. అప్పుడు ఎర్ర బోర్డు తెచ్చి గుంజకి మేకులు కొట్టింది రోవీనాయే.

ట్రక్కు దూరంగా ఆపి, రబ్బరు బూట్లు తొడుక్కుని, నాచు పట్టిన రాళ్ళ మీదుగా దిగింది. పర్ర మధ్యలో ఒక వీపు వంగి ఉంది. ఆ వీపుని చూడగానే ఆమె కాళ్ళు కొంచెం నెమ్మదించాయి. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచకుండా, నడుం దగ్గర రెండుగా మడిచినట్టు వంగి, గంటలకొద్దీ పైకి లేవకుండా తవ్వే మనిషి ఆ ఊళ్ళో ఇక ఒక్కడే మిగిలాడు. డెల్మాంట్ క్రౌలీ. డెబ్బై ఒకటి నిండాయి. ఆమె నాన్నతో ముప్పై ఏళ్ళు ఒకే పడవలో తిరిగినవాడు. రక్తసంబంధం లేకపోయినా బాబాయ్ అనే పిలుపు. తొమ్మిదేళ్ళప్పుడు ఆమె చేతికి ముళ్ళపార ఇచ్చి, బురదని పొడవకూడదు, తనవైపు లాక్కుని దుప్పటి మడత విప్పినట్టు తిప్పాలి అని నేర్పింది ఆయనే.

అడుగుల చప్పుడు విని కూడా ఆయన లేవలేదు. చేతిలో ఉన్న మడత పూర్తిగా తిప్పాకే నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"బోర్డు కనపళ్ళేదా బాబాయ్?"

"కనపడకేం? కొట్టింది నువ్వేగా. కొంచెం వంకరగా కొట్టావు."

ఆమె నవ్వలేదు. పక్కనున్న చెక్కబద్దల బుట్ట మీద తడి నాచు కప్పి ఉంది. నాచు తీసింది. లోపల అన్నీ పిల్ల గుల్లలే. బొటనవేలి గోరంతవి, వందలు వందలు. రింగు తియ్యాల్సిన పనే లేదు, ఒక్కటి కూడా ఆగదు. అయినా తీసింది. కోర్టులో చెప్పాల్సి రావచ్చు కాబట్టి గుప్పెడు తీసుకుని ఒక్కొక్కటే రింగులోంచి వదిలింది. ఒక్కొక్కటే జారిపడింది.

మూసిన పర్ర ఒక నేరం. పిల్ల గుల్లలు ఇంకో నేరం. రెండూ కలిపి, డెల్మాంట్ చేతిలో. ఆమెకి కోపం ముంచుకొచ్చింది. ఇంకెవరైనా అయితే అంత వచ్చేది కాదు.

"ఎవరికి అమ్ముతున్నావు?"

ఆయన ఆమె ముఖంలోకి, అడిగిన మాట అర్థం కానట్టు చూశాడు.

"అమ్మటమా?"

"మరి దేనికి?"

"నీకు చెప్పాల్సింది నీకెప్పుడో చెప్పాను," అన్నాడు. గొంతులో కోపం లేదు, మంకుతనం మాత్రం ఉంది. "రాసుకో అమ్మడూ. నడుం లాగేస్తోంది. ఎంతసేపు నిలబెడతావు?"

అదేదో ఎదురు సమాధానమనుకుని ఆమె కేసు పుస్తకం తీసింది. పేరు, లైసెన్సు నంబరు, చోటు, టైము. నెలకొక్క గురువారమే కోర్టు. ఆ వారమే పడింది. తెల్ల కాగితం కోర్టుకి, పసుపుది ఆయనకి, గులాబీది తనకి. ఆయన పసుపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టోపీలో దోపుకున్నాడు.

పట్టుకున్న గుల్లలని ఎక్కడివక్కడే వదలాలన్నది నియమం. రోవీనా బుట్ట ఎత్తి ఆ పర్ర మీదే బోర్లించింది. పిల్ల గుల్లలు బురద పైన తెల్లగా పరుచుకున్నాయి. నిమిషం తిరక్కుండా పక్షులు వాలాయి. రాళ్ళ సందుల్లోంచి పచ్చపీతలు రావటం మొదలైంది. డెల్మాంట్ ఆ వైపు చూడకుండా ముళ్ళపార భుజాన వేసుకుని ఒడ్డెక్కిపోయాడు.

*

మంగళవారం లోరింగ్ ఇంటికి ఓరిన్ వచ్చాడు. ఊరి తరఫున పైపులు, మురుగుకాలవలు చూసే తనిఖీదారు. ఒడ్డున ఉన్న ఇళ్ళన్నీ వరసగా పరీక్ష చేస్తున్నాడు, ఇది ఏడోది. పని తేలికే. మరుగుదొడ్డిలో పచ్చరంగు పొడి పోసి నీళ్ళు వదులుతారు. కింద సముద్రం ఒడ్డున ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. రంగు బయటికొస్తే మురుగూ అక్కణ్ణుంచే వస్తున్నట్టు.

మిసెస్ లోరింగ్ బ్లూబెర్రీ కేకు కోసి పెట్టింది. కాఫీ తాగకుండా పంపనంది. మంచిమనిషే. ఆ మంచితనంలో వంక పెట్టడానికేం లేదు.

రోవీనా కిందికి దిగి రాళ్ళ దగ్గర నిలబడింది. పావుగంట దాటినా ఏం లేదు. ఇంకో అయిదు నిమిషాలకి, నాచు గుబురు కింద ఎప్పుడో పాతిపెట్టిన మట్టిగొట్టం నోట్లోంచి పచ్చటి ధార మొదలైంది. చిగురాకు రంగు. బురద మీద పాయలుపాయలుగా విడిపోతూ, నిన్న తను బుట్ట బోర్లించిన చోటు మీదుగానే నీళ్ళలోకి పారింది. అలాంటి దరిద్రపు పనికి అంత అందమైన రంగు ఎవడు ఎంచాడోననుకుంది రోవీనా.

"ఓరిన్!" అని కేకేసింది. "వచ్చింది!"

మిసెస్ లోరింగ్ కూడా మెట్లు దిగి వచ్చింది. చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ముఖం నిజంగానే పాలిపోయింది.

"అయ్యో, మేం కొన్నప్పటినుంచీ ఇలాగే ఉందా? ట్యాంకు ఉందన్నారే!"

"ట్యాంకుందమ్మా. పాత గొట్టం మూయకుండా వదిలేశారు, అంతే," అన్నాడు ఓరిన్. "కట్టినవాడు పోయాడు, అమ్మినవాడు ఊళ్ళో లేడు, సంతకం పెట్టిన ఆఫీసరు రిటైరయ్యాడు. తిలా పాపం తలా పిడికెడు. ఉత్తరం పంపిస్తాం. ఆర్నెల్లలో బాగు చేయించుకోండి. కుదరకపోతే ఇంకో ఆర్నెల్లు అడగొచ్చు."

"కేసేం ఉండదా?" అంది రోవీనా.

ఓరిన్ నవ్వాడు. "కేసా? గొట్టం మీద కేసేమిటి తల్లీ?"

మెట్లెక్కుతూ మిసెస్ లోరింగ్ ఆగింది. "నిన్నటి పెద్దాయన... ఆయనకేం ఇబ్బంది కాలేదు కదా?"

"గురువారం కోర్టుకొస్తాడు."

"కోర్టుకా?" ఆవిడ కళ్ళలో తడి కూడా కనిపించింది. "అయ్యయ్యో. ఆయనకి కూడా ఏదో ఉత్తరం పంపిస్తారేమో అనుకున్నానండీ."

రోవీనా కేకు బావుందని చెప్పి వచ్చేసింది.

*

బుధవారం మధ్యాహ్నం వానపడింది. పడవల రేవు దగ్గర ట్రక్కులో కూర్చుని రిపోర్టు రాస్తుంటే పెన్ను ఆగిపోయింది. ఇంకోటుందేమోనని ఎదురద్దం పైనున్న ఎండతెర కిందికి లాగింది. మడతపెట్టిన కాగితాలు బొత్తిగా ఒళ్ళో పడ్డాయి. అన్నీ ఆటుపోట్ల కాగితాలు.

డెల్మాంట్ ప్రతినెలా మొదటి వారంలో ఆ నెల ఆటుపోట్ల కాగితం మీద మంచి ఆటు రోజులకి పెన్సిలుతో సున్నాలు చుట్టి, కిటికీలోంచి ఆమె ట్రక్కులో పడేసి వెళ్తాడు. నాన్న ఉన్న రోజుల్లో నాన్నకి ఇచ్చేవాడు, నాన్న పోయాక ఆమెకి. ఆటుపోట్లు ఫోనులోనే కనిపించే కాలంలో ఆ కాగితంతో ఆమెకేం పని? అలాగని పారెయ్యడానికి మనసొప్పక, మడత విప్పకుండానే ఎండతెర వెనక దోపేది. అలా ఎన్నేళ్ళవో ఉన్నాయి.

సెప్టెంబరుది లేదు. ఈ నెల ఆయన ఇవ్వనేలేదు. ఆ సంగతి ఆమెకి అప్పుడే తట్టింది. ఆగస్టుది విప్పింది. సున్నాలున్నాయి. వెనకవైపు, పెద్ద పెద్ద అక్షరాలతో రాత ఉంది.

"రోవీ, మే నెలలో మనం గూస్ కోవ్‌లో నాటిన పిల్ల గుల్లల మీద కప్పిన వల చిరిగింది. పచ్చపీతలు దూరుతున్నాయి. మూసిన చోట పార పట్టుకుని దిగకూడదని తెలుసు. నువ్వొచ్చి నిలబడతానంటే నీ ఎదురుగానే తీసి బెల్ పాయింట్ దగ్గర శుభ్రమైన నీళ్ళలో నాటుతాను. అవి అమ్మకానికి ఎదగాలంటే ఇంకా రెండేళ్ళు, ఈలోగా వాటి మురికి అవే కడుక్కుంటాయి. పీతలు పర్మిట్టు కోసం ఆగవు. వద్దంటే వద్దని ఒక్క మాట చెప్పు. చెప్పకపోతే సరేననుకుంటాను."

ట్రక్కు రేకు మీద వాన మోగుతూనే ఉంది. రోవీనా ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. నీకు చెప్పాల్సింది నీకెప్పుడో చెప్పాను. దానికి తనేం అడిగింది? ఎవరికి అమ్ముతున్నావని అడిగింది. ఆ మనిషిని. ఆ బుట్టలోవి మేలో ఆయనా తనూ మోకాళ్ళ మీద కూచుని నాటినవే, కోపంలో ఆ సంగతే తట్టలేదు. వాటినే తెచ్చి తన చేత్తోనే పీతల ముందు పోసింది.

కోర్టు ఆఫీసుకి ఫోను చేసింది. గుమాస్తా ఆమెకి తెలిసినదే.

"రాసిన కేసు వెనక్కి తీసుకోవచ్చా?"

"నువ్వా అడుగుతున్నది? తమ్ముడి కేసప్పుడు మీ అమ్మ వచ్చి ఇక్కడే ఏడ్చిందిగా, అప్పుడు తీశావా?" గుమాస్తా మెత్తబడింది. "కాగితం మా దగ్గరికొచ్చేసింది రోవీ. చెప్పుకునేదేమన్నా ఉంటే రేపు జడ్జి ముందు చెప్పు. ఆయన అడుగుతారు."

అవును, జడ్జి అడుగుతారు. అప్పుడు ఈ కాగితం తీసి చూపించాలి. ఆయన అనుమతి అడిగాడు, నేనే చూసుకోలేదు అనాలి. ఈ కాపలా ఉద్యోగం దండగ, తీసేద్దామని ఊరి కమిటీలో ఇద్దరు ఏడాదిగా కాచుకుని ఉన్నారు. కాగితాలే చదవని కాపలాదారు ఎందుకంటారు. అననీ అనుకుంది. రాత్రి భోజనం ముందు కూడా అననీ అనే అనుకుంది.

*

డెల్మాంట్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. గోళ్ళ సందుల్లో మాత్రం పర్ర మట్టి అలాగే ఉంది. అది ఈ జన్మకి పోయేది కాదు.

ఆయన వంతు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"మూసిన ప్రాంతంలో తవ్వావు, కొలతకు రానివి తీశావు. ఒప్పుకుంటున్నావా?"

"తవ్వానండీ. తీశానండీ."

"ఎందుకని?"

డెల్మాంట్ ఒక్కసారి రోవీనా వైపు చూశాడు. నిందిస్తున్నట్టు కాదు. నీకు తెలుసుగా, నువ్వు చెబుతావా నన్ను చెప్పమంటావా అని అడిగినట్టు చూశాడు. ఆమె కదలకపోవడంతో చూపు తిప్పుకున్నాడు.

"చెప్పుకోటానికేం లేదండీ."

జడ్జి కళ్ళజోడు సర్దుకుని ఇటు తిరిగాడు. "కాపలాదారుగారూ, మీరేమన్నా చెప్పాలా?"

రోవీనా లేచి నిలబడింది. కోటు జేబులో కాగితం ఉంది. వేళ్ళకి తగులుతోంది. వెనక బెంచీలో ఊరి కమిటీ మనిషి ఒకాయన వేరే పనిమీద వచ్చి కూచున్నాడు. పందొమ్మిదేళ్ళుగా ఈ గదిలో, ఈ ప్రశ్నకి, ఆమె నోరు ఒకటే జవాబుకి అలవాటు పడింది.

"లేదండీ."

అలవాటు మీద నెట్టెయ్యడానికి తర్వాత చాలాసార్లు ప్రయత్నించింది గాని, అది పిరికితనం. ఆమెకి ఆ క్షణమే తెలుసు. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూర్చుంది.

లైసెన్సు ఏడాది రద్దు. ఊరి నియమం ప్రకారం రద్దయిన లైసెన్సు వరసలో ఉన్న తర్వాతివాడికి పోతుంది. వరసలో ముప్పైమంది ఉన్నారు. డెల్మాంట్ వంతు మళ్ళీ వచ్చేసరికి ఆయన ఉండడు. జడ్జికి ఆ సంగతి తెలీదు. చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే, ఇద్దరూ నోరు విప్పలేదు.

బయట ఆమె ట్రక్కుకి ఆనుకుని ఆయన నిలబడి ఉన్నాడు.

"చదివావా?" అన్నాడు.

"చదివాను బాబాయ్."

"ఎప్పుడు?"

అబద్ధం చెప్పొచ్చు. ఆగస్టులోనే చదివి, నియమం కాదని ఊరుకున్నానని చెబితే కాస్త గౌరవమైనా మిగిలేది. "నిన్న," అంది.

ఆయనకి నవ్వొచ్చింది. పళ్ళు లేని నోరు తెరిచి నవ్వాడు. "హమ్మయ్య. చదివి కూడా కేసు రాశావనుకుని మూడు రోజులుగా నిద్రలేదు." ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. "అయితే నెలనెలా సున్నాలు చుట్టి ఇచ్చానే, ఒక్కటీ విప్పలేదా?"

ఆయన తిట్టినా బావుండేది.

"లోపల చెప్పబోయాను బాబాయ్. నోరు రాలేదు. ఇప్పుడే వెళ్ళి చెబుతాను. రా."

"ఇప్పుడెందుకు? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాం ఇద్దరం. నేను కాగితం మీద రాసే బదులు తలుపు కొట్టాల్సింది. నీ ఉద్యోగం కూడా పోతే ఆ పర్రని చూసేవాళ్ళెవరు?" ఆయన తన ట్రక్కులోంచి ముళ్ళపార తీసుకొచ్చాడు. పిడి ఆయన చెయ్యి పట్టే చోట అరిగి నున్నగా అయిపోయింది. "ఇంట్లో పెట్టుకుంటే కళ్ళపడుతుంది. నువ్వుంచు. నన్ను నువ్వు పట్టుకున్నది మూడోరోజు. అంతకుముందు రెండ్రోజులు తీసినవి బెల్ పాయింట్‌లో వల కింద ఉన్నాయి. నియమం ప్రకారం పీకెయ్యాలంటే పీకెయ్యి. సగం ఇంకా గూస్ కోవ్‌లోనే ఉండిపోయాయి."

"శనివారం బీన్సు వండుతాను, రా బాబాయ్."

"చూద్దాంలే," అన్నాడు. రాలేదు.

*

ఆదివారం ఆటు మధ్యాహ్నం పన్నెండు దాటాక. ఎండ చక్కగా కాస్తోంది. అందరికీ కనిపించే వేళ. రోవీనా కావాలనే ఆ వేళకి వెళ్ళింది.

కాపలాదారు కోటు వేసుకుంది. రొమ్ము మీద ఊరి బిళ్ళ. ఒక చేతిలో బుట్ట, ఇంకో చేతిలో డెల్మాంట్ ముళ్ళపార. తను వంకరగా కొట్టిన ఎర్ర బోర్డు పక్కనుంచే నడిచి పర్ర మీదికి దిగింది.

వల సగం ఊడి నాచులో చుట్టుకుని ఉంది. అంచు ఎత్తగానే అయిదారు పచ్చపీతలు పక్కకి పరిగెత్తాయి. ఖాళీ చిప్పలు గుప్పెళ్ళకొద్దీ ఉన్నాయి. ఈ కాసిని రోజుల్లోనే ఎన్ని పోయాయో. కాళ్ళు ఎడంగా పెట్టి నడుం దగ్గర వంగింది. మొదట పొడిచింది. రెండు గుల్లలు పగిలాయి. ఆగి, పొడవకుండా తనవైపు లాగింది. బురద మడత నెమ్మదిగా తిరగబడింది, లోపల గోరంత గుల్లలు మెరుస్తూ కనిపించాయి. ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేసి తడి నాచు కప్పింది. అరచెయ్యి పిడి మీద ఎక్కడ ఆనించాలో ఆ అరుగుదలే చెబుతోంది.

పావుగంటకే నడుం పట్టేసింది. డెబ్బై ఒకటేళ్ళ మనిషి ఇక్కడ మూడు రోజులు వంగాడు. ఏడుపొచ్చింది. చేతులకి బురద కాబట్టి తుడుచుకోలేదు.

ఒడ్డున తలుపు చప్పుడైంది. తల ఎత్తింది. తెల్ల ఇంటి వరండాలో మిసెస్ లోరింగ్ నిలబడి ఉంది. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని పర్రవైపే చూస్తోంది. మొన్న సోమవారం కూడా అక్కడే నిలబడి చూసి ఉంటుంది. అదే చోటు, అదే పార, అదే తవ్వకం, నాచు కింద అవే పిల్ల గుల్లలు. రోవీనా దాచుకోలేదు. గుప్పెడు గుల్లలు పట్టుకుని, కనపడాలనే నిటారుగా నిలబడింది.

మిసెస్ లోరింగ్ కోటుని గుర్తుపట్టింది. చెయ్యి పైకెత్తి ఆప్యాయంగా ఊపింది.

"ఆదివారం కూడా పనేనా పాపం!" అని గట్టిగా కేకేసి, లోపలికి వెళ్ళిపోయింది.

రోవీనా గుల్లలు బుట్టలో వేసింది. మళ్ళీ వంగబోతూ, జేబులో ఫోను మోగుతుందేమోనని ఆగింది. చాలాసేపు ఆగింది.

మోగలేదు.